పాలమూరు మేస్త్రి, పోలేపల్లి సూపర్వైజరు

జడ్చర్ల నాలుగు దారులు కలియు చోటు. ఉత్తరమున హైదరాబాదు, దక్షిణమున కర్నూలు మీదుగా బెంగుళూరు, పడమట మహబూబునగరము మీదుగా రాయచూరు, తూర్పున కల్వకుర్తి, దేవరకొండల మీదుగా కోదాడ. నిజాము ప్రభువుల కాలమున సికింద్రాబాదు నుండి కర్నూలు దిక్కుగా వేసిన రైలుమార్గము కూడ ఈ ఊరిని తాకుచునే పోవును. రైలును, బజారును ఆశ్రయించి బాదేపల్లి పెరిగినది. వేరుసెనగ, ప్రత్తి, ఆముదాలు, మొక్కజొన్న వచ్చి దిగు మార్కెట్టు అచ్చటిది. జడ్చర్ల ఎక్కడ ముగిసి బాదేపల్లి ఎక్కడ మొదలగునో క్రొత్తగా వచ్చినవానికి తెలియదు. ఊరివారిని అడిగినచో మాత్రము గీత గీచి చూపుదురు.

తెల్లవారకమునుపే ఇచటి కూడలిలో నిలిచి చూచువారికి పని ఎట్లు మారినదో కన్నులకు కట్టును. కంపెనీ బస్సులు ఒకదాని వెనుక నొకటి వచ్చి ఆగుచుండును. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అన్నపు డబ్బాతో యువకులు, యువతులు ఎక్కుచుందురు. ఇంటర్మీడియటుతో ఆపినవారు, డిప్లొమా చదివినవారు, రసాయన శాస్త్రమున పట్టము పొందినవారు, ఫార్మసీ చదివినవారు వీరిలో ఉన్నారు. పోలేపల్లి మందుల కర్మాగారములలో పగటి షిఫ్టుకు పోవువారు వీరు. వీరిలో ఎందరి తాతలో ఇదే దారిన పనికి పోయినవారే. అయితే వారిని ఎక్కించుకొని పోయినది కంపెనీ బస్సు కాదు, మేస్త్రి తెచ్చిన లారీ. వారు తిరిగివచ్చినది సాయంకాలమునకు కాదు, తొమ్మిది పది నెలలకు.

పని చేయువాని కథ చెప్పినవారు కొందరైన ఉన్నారు. పని చేయించువాని కథ ఎవరును చెప్పినట్లు లేదు. వ్యాపార నాయకత్వమును గూర్చి గ్రంథములు వ్రాయువారు ఉదాహరణము కావలసినపుడు డెట్రాయిటునకో టోక్యోకో పోవుదురు. అంత దూరము పోనక్కరలేదు. రెండు మూడు తరములలో పెత్తనము చేతులు మారిన తీరు ఈ నాలుగు దారుల కూడలిలోనే కనబడుచున్నది.

పాలమూరు జిల్లాకు వాన తక్కువ. కృష్ణా తుంగభద్రలు జిల్లా అంచులను ఒరసికొని పారినను మెట్ట పొలములకు ఆ నీరు చిరకాలము అందలేదు. చెరువు నిండిన యేడు ఊరిలో పని; నిండని యేడు వలస. ఆ వలసకు ఒక కట్టుబాటు ఉండెను. ఆ కట్టుబాటుకు ఇరుసువంటివాడు మేస్త్రి.

గుంపు మేస్త్రి పరాయివాడు కాడు. ఆ ఊరివాడో, పొరుగూరివాడో, తరచుగా చుట్టమే. పండుగ ముందరనో, పెండ్లి కుదిరినపుడో, ఎద్దు చచ్చినపుడో అతడు గడపకు వచ్చి అడ్వాన్సు ఇచ్చును. పత్రము లేదు, సాక్షి లేడు. పుచ్చుకొన్న చేయియే పత్రము. ఆలుమగలను జతగా లెక్కించుట వాడుక. ఇరువదియో ముప్పదియో మందిని కూర్చి గుంపు మేస్త్రి పెద్ద మేస్త్రికి అప్పగించును. పెద్ద మేస్త్రి కంట్రాక్టరు నొద్ద పని పుచ్చుకొనును. పనిచోట గుడిసె, తిండిగింజలు, అప్పుడప్పుడు చేతిఖర్చు. అన్నియు లెక్కకు ఎక్కును. ఆ లెక్క మేస్త్రి తలలో ఉండును; లేదా అతని అంగీ జేబులోని చిన్న పుస్తకములో ఉండును. చదువు రానివానికి ఆ రెంటికిని భేదమేమున్నది?

కాలము ముగిసి లెక్క చూచుకొను దినమున అప్పు తీరెనా, మిగిలెనా అని చెప్పవలసినవాడు అతడే. మిగిలినదన్నచో మరుసటి యేడు మరల అతని వెంట పోవలెను. ఆలికి వేరుగా కూలి చేతికి వచ్చుట అరుదు. ఆమె కష్టము జతలో కలిసిపోయెను.

ఇట్లు పోయినవారే దేశములోని పెద్ద కట్టడములకు మట్టి మోసిరి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. ఆ నడుమ పండ్రెండేండ్లు రాతి మీద రాయి పేర్చినది మనుష్యులు. రాతికట్టడపు ఆనకట్టలలో అది ప్రపంచ ప్రసిద్ధము. దాని చిత్రములను చూచినవారికి జ్ఞాపకముండును: నిచ్చెనల మీద వరుసలు తీర్చిన స్త్రీపురుషులు, నెత్తిన రాయి, తట్ట. ఆ వరుసలలో పాలమూరువారు ఎందరో. శ్రీశైలమునందును వారే. తరువాత బొంబాయి, పూనా మేడలకును వారే. ‘పాలమూరు లేబరు’ అనునది ఒక జిల్లా పేరుగా గాక, ఒక సరకు పేరుగా కంట్రాక్టర్ల నోట నలిగినది.

మేస్త్రిని దుర్మార్గునిగా చిత్రించుట సులభము. అది పూర్తి సత్యము కాదు. పరభాషా ప్రాంతమున జ్వరము తగిలినచో మందు తెప్పించినవాడు అతడే. కంట్రాక్టరు కొలతలో మోసము చేసినచో నిలదీసినవాడు అతడే. పనిచోట ఎవరైనను చనిపోయినచో ఊరికి కబురు పంపినవాడును అతడే. రాతిగుట్టను చూచి ఎన్ని దినముల పనియో చెప్పగలిగిన నేర్పు అతనిది. మేస్త్రులలో చాలమంది ఒకప్పుడు తట్ట మోసినవారే గనుక ఎవని ఒంటికి ఎంత బరువు తగునో వారికి తెలియును. నాయకునకు ఉండదగిన గుణములని నేటి పుస్తకములు ఎన్నువానిలో సగము అతనికి పుస్తకము చదువకయే అబ్బినవి.

లోపము అతని గుణములో కంటె అతడు నిలిచిన చోటులో ఉండెను. అప్పిచ్చువాడు, పని ఇచ్చువాడు, లెక్క వ్రాయువాడు, తగవు తీర్చువాడు, ఈ నలుగురును ఒక్కడే అయ్యెను. “పైసలు దీస్కున్నవ్, ఇగ రావాలె” అని అతడన్న తరువాత మరి మాట లేదు. ధర్మాత్ముడైన మేస్త్రి క్రింద పడినవాడు బ్రతికెను. కానివాని క్రింద పడినవాడు చితికెను. రెండు స్థలములందును కూలీ నోరు మాత్రము ఒక్కటే తీరుగా మూతపడి యుండెను.

ఈ కట్టుబాటును విప్పుటకు శాసనములు రాకపోలేదు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన శాసనము వచ్చెను. 1979లో రాష్ట్రాంతర వలస కార్మికుల శాసనము వచ్చెను. కూలీకి ఛాయాచిత్రముతో కూడిన పాసుపుస్తకము ఇయ్యవలెననియు, అందు కూలి, అడ్వాన్సు వ్రాయవలెననియు ఆ రెండవ శాసనము చెప్పెను. ఆ వ్రాత కూలీ భాషలో కూడ ఉండవలెననెను. మంచి మాట. ఆ పుస్తకము ఎందరి చేతికి వచ్చెనో పాలమూరు పెద్దలను అడిగినచో వారు నవ్వుదురు. శాసనముకంటె కాలమే ఎక్కువ పని చేసినది. పిల్లలు బడికి పోయిరి; బస్సులు వచ్చినవి; ఏడాదికొకసారి లారీ ఎక్కుటకు బదులు పట్టణపు అడ్డాలో నిలిచి దినకూలి బేరమాడుకొనుట కొందరికి మేలనిపించినది. మేస్త్రి పట్టు సడలినది. తెగిపోలేదు.

ఇక పోలేపల్లి. జడ్చర్లకు దగ్గరనే, జాతీయ రహదారి సమీపమున ఉన్న పల్లె ఇది. ఇచ్చటికి మందుల కర్మాగారములు ఎందుకు వచ్చినవో తెలియుటకు ఒకసారి హైదరాబాదు వైపు చూడవలెను. 1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అను ప్రభుత్వ సంస్థ సోవియట్ సహాయముతో హైదరాబాదులో మందుల కర్మాగారమును నెలకొల్పెను. అందు పని నేర్చినవారిలో ఒకడు కల్లం అంజిరెడ్డి. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించెను. ఒక మందును వేరొక పద్ధతిలో తయారు చేయుటకు అడ్డులేకుండ 1970 నాటి పేటెంటు శాసనము వీలు కల్పించెను. అరబిందో ఫార్మా 1986లో, హెటిరో 1993లో పుట్టినవి. మందులు విదేశములకు పోసాగినవి. హైదరాబాదు చుట్టు తావు చాలకపోయినది. బెంగుళూరు దారి ఉన్నది. 2008లో శంషాబాదు విమానాశ్రయము కూడ అదే దారిలో తెరువబడినది. చూపు జడ్చర్ల మీద పడినది.

ప్రభుత్వమువారు 2000 తరువాతి తొలి యేండ్లలో పోలేపల్లి, ముదిరెడ్డిపల్లి, గుండ్లగడ్డ తండా ప్రాంతమున సుమారు వేయి ఎకరములు సేకరించిరి. 2005లో ప్రత్యేక ఆర్థిక మండలముల శాసనము వచ్చిన పిదప అది మండలమైనది. అరబిందో, హెటిరో వంటి సంస్థలు కర్మాగారములు కట్టినవి. భూములు పోగొట్టుకొన్నవారిలో దళితులు, లంబాడీలు, చిన్న రైతులు ఉండిరి. ఎకరమునకు ముట్టినది స్వల్పము. ప్రక్క పొలముల ధర కండ్లముందరనే ఎన్నో రెట్లు పెరిగినది. వారు ధర్నాలు చేసిరి, కోర్టులకు పోయిరి. తుదకు 2008లో జడ్చర్ల ఉపయెన్నిక వచ్చినపుడు నిర్వాసితులలో పలువురు తామే అభ్యర్థులుగా నిలిచిరి. గెలుచుట వారి ఉద్దేశము కాకపోవచ్చును. తమ పేరు అచ్చులో, ఓటుపత్రము మీద కనబడవలెనని వారి పంతము.

ఆ మాటను ఇచట ఎత్తుటకు కారణమున్నది. ఈ కర్మాగారముల లోపల జరుగునదంతయు అచ్చుకాగితము మీదనే జరుగును గనుక.

మందు బిళ్ళల కర్మాగారమున పని ఎట్లు జరుగునో బడిపిల్లలకు చెప్పుటకు తేలికైన ఉపమానము ఒకటున్నది. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మనవారందురు. కుండ ఒక్కటి, నిప్పు ఒక్కటి గనుక ఆ మాట చెల్లినది. మందు విషయమున ఆ మాట చెల్లదు. ఒక విడతలో లక్షల బిళ్ళలు తయారగును. పరీక్షించిన బిళ్ళ పరీక్షలోనే పొడియై పోవును. అన్నిటిని పరీక్షించినచో అమ్ముటకు ఏమియు మిగులదు. కావున పరీక్షింపని బిళ్ళను నమ్ముట ఎట్లు? అది తయారైన దారి అంతయు సరిగా నడచినదని చూపవలెను. ఆ దారికి సాక్షి వ్రాతయే.

ఆ వ్రాత విధానము వినదగినది. ప్రతి విడతకు ఒక పుస్తకము వంటి పత్రము ఉండును. పుటలకు సంఖ్యలు ముందే వేయబడి యుండును. ముడిమందును తూచునపుడు ఒకడు తూచును, మరియొకడు చూచును, ఇద్దరును వ్రాళ్ళు చేయుదురు. ఒక మందు చేసిన గదిలో మరియొక మందు మొదలుపెట్టుటకు ముందు, వెనుకటి దాని పొడిగాని, బిళ్ళగాని, చీటీగాని మిగులలేదని చూచి, చూచినట్లు వ్రాయవలెను. గది ఉష్ణము, గాలిలో చెమ్మ, యంత్రము వేగము, అన్నిటికిని గడియారపు వేళతో సహా వ్రాత ఉండవలెను. చేసిన వెంటనే వ్రాయవలెను; మధ్యాహ్నపు పనిని సాయంకాలము జ్ఞాపకము తెచ్చుకొని వ్రాయుట దోషము. అరచేతి మీదనో చిత్తుకాగితము మీదనో వ్రాసికొని పిమ్మట ఎత్తి వ్రాయుట అంతకంటె దోషము.

ఉపాధ్యాయులకు వింతగా తోచు నియమము మరియొకటి. ఈ కర్మాగారములలో రబ్బరునకు చోటు లేదు. తప్పు వ్రాసినచో చెరుపరాదు, దిద్దరాదు, తెల్లసిరా పూయరాదు. తప్పు మీద ఒక్క అడ్డుగీత గీచి, క్రిందిది చదువుటకు వీలుగా ఉంచి, ప్రక్కన ఒప్పు వ్రాసి, వ్రాలు, తేది, కారణము పెట్టవలెను. మన బడులలో శుభ్రముగా కనబడు నోటుపుస్తకమునకు మార్కులు వేయుదుము. అచట మరీ శుభ్రముగా కనబడు పత్రమును చూచినచో తనిఖీదారునికి అనుమానము పుట్టును.

ఈ కఠినత్వము ఊరక పుట్టలేదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడు అను మంచి మందును తియ్యని ద్రావకముగా చేయుటకు ఒక కంపెనీ డైఎథిలిన్ గ్లైకాల్ అను విషపదార్థమును వాడెను. విషమా కాదా అని చూడవలెనని నాటి చట్టములో లేదు, వారు చూడలేదు. నూరుమందికి పైగా చనిపోయిరి. వారిలో పలువురు పిల్లలు. మరుసటి యేడు, 1938లో, క్రొత్త చట్టము వచ్చెను. నేడు అమెరికాకు మందు పంపు కర్మాగారము ఏ దేశమున ఉన్నను ఆ దేశపు ఔషధ శాఖవారు వచ్చి తనిఖీ చేయుదురు. వారు మొదట అడుగునది ఆ పత్రములనే. ఎనుబది యేండ్ల వెనుకటి సంగతి గదా అని తీసివేయుటకు వీలులేదు. 2025లో మధ్యప్రదేశమునందలి ఛింద్వాడా ప్రాంతమున దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పసివారు మరణించిరి. తమిళనాడులో తయారైన ఆ మందులో కనుగొనబడినది అదే విషము, డైఎథిలిన్ గ్లైకాల్.

ఇట్టి పనిచోట నాయకుడెవడు? మేస్త్రి నాటి నాలుగు అధికారములు ఇచట నాలుగు చేతులలో ఉన్నవి. షిఫ్టు సూపర్వైజరు పని చేయించును; కాని మందు బయటకు పోవచ్చునా కాదా అని చెప్పు అధికారము అతనికి లేదు. అది నాణ్యతా విభాగమువారిది. వారు ఉత్పత్తి విభాగమువారి క్రింద ఉండరాదని నియమము. జీతము లెక్క మరియొక కార్యాలయము. అడ్వాన్సు ఇచ్చి కట్టివేయువాడు లేడు. యువతుల జీతము వారి పేరనే బ్యాంకు ఖాతాలో పడును, జతలెక్క పోయినది. పాలమూరులో ఇది చిన్న మార్పు కాదు.

పాశ్చాత్య దేశములలో ఫ్రెడరిక్ టేలరు అను ఇంజనీరు 1911లో శాస్త్రీయ నిర్వాహమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆలోచించుట పై వారి పని, చేయుట క్రింది వారి పని అని ఆయన విభజన. గడియారము పట్టుకొని కూలీ చేయి ఎట్లు కదలవలెనో ఆయన లెక్కించెను. పోలేపల్లి పత్రములలో టేలరు నీడ ఉన్నది. ప్రతి పనికి ముందే వ్రాసిన పద్ధతి ఉన్నది గదా. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జపానులో టయోటా కార్ల కర్మాగారమువారు వేరొక దారి తొక్కిరి. పని సాగుచుండగా దోషము కనబడినచో ఏ పనివాడైనను త్రాడు లాగి సూపర్వైజరును పిలువవచ్చును. దోషము తీరనిచో వరుస అంతయు ఆగును. టేలరు చూపిన మార్గమున మంచి పనివాడనగా చెప్పినట్లు చేయువాడు. జపానువారి మార్గమున, చెప్పినట్లు జరుగనపుడు ఆపువాడు.

మందుల కర్మాగారమునకు ఈ ఇద్దరు పనివారును ఒక్క మనిషిలోనే కావలెను. చిక్కు అంతయు ఇచటనే. ప్యాకింగు వరుసలో నిలిచిన పందొమ్మిదేండ్ల పిల్లకు ఒక పట్టీలో వేరు రంగు బిళ్ళ కనబడినదనుకొందము. చెప్పినచో వరుస ఆగును. ఆగినందుకు కాగితము వ్రాయవలెను. ఎందుకు జరిగెనని విచారణ జరుగును. ఆనాటి లెక్కకు కావలసిన పెట్టెలు తయారు కావు. సూపర్వైజరు మీద పై వారి ఒత్తిడి ఉన్నది. ఆ పిల్ల “సార్, ఒక్కపారి జూడుండ్రి” అని పిలిచిన క్షణమున అతని ముఖము ఎట్లు మారునో వరుసలోని వారందరును చూచుచుందురు. విసుగుకొన్నచో ఆమె మరల పిలువదు, ప్రక్కనున్నవారును పిలువరు. ఆ దినము నుండి పత్రములన్నియు మచ్చలేకుండ ఉండును, తప్పులు బిళ్ళలలో ఉండును. అతడు వచ్చి, చూచి, “మంచిగ జెప్పినవమ్మా” అని వరుస ఆపించినచో కంపెనీకి ఆనాడు కొంత నష్టము. ఎచటనో, ఏ దేశముననో, ఒక రోగికి అది ప్రాణము.

నేటి వ్యాపార విద్యాలయములలో దీనికి పెద్ద పేర్లున్నవి. భయము లేని పనిచోటు, మాట వినెడి నాయకత్వము అని పాఠములు చెప్పుచున్నారు. ఆశ్చర్యమేమనగా ఆ పాఠములు చెప్పు విద్యాసంస్థ ఒకటి, బొంబాయిలో పుట్టిన ఎన్.ఎం.ఐ.ఎం.ఎస్., పోలేపల్లి మండలములోనే ఉన్నది. దేశము నలుమూలల నుండి వచ్చిన విద్యార్థులు అందు వ్యాపార నిర్వాహము చదువుచున్నారు. ప్రహరీగోడలకు అవతల పాఠము ప్రతి షిఫ్టులోను నడచుచున్నది. ఆ గోడలు దాటి ఆ విద్యార్థులు ఈ పనివారితో ఎంతసేపు మాటలాడుదురో, మాటలాడినచో ఏ భాషలో మాటలాడుదురో ఆలోచింపదగిన విషయము.

భాష మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. ఆ పత్రములు ఇంగ్లీషులో ఉన్నవి. తనిఖీదారులు విదేశీయులు, మందు పోవునది విదేశమునకు. కారణము తెలియనిది కాదు. కాని తెలుగు మాధ్యమమున పదవ తరగతి, ఇంటర్మీడియటు చదివి వచ్చినవాడు ఆ పద్ధతిని చదివి చేయునా, ప్రక్కవానిని చూచి చేయునా? ప్రక్కవానిని చూచి చేసి, చదివితినని వ్రాలు పెట్టినచో, మేస్త్రి పుస్తకమున వ్రేలిముద్ర వేసిన తాతకును ఇతనికిని నడుమ దూరము మనము అనుకొన్నంత లేదు. తెలిసిన సూపర్వైజర్లు షిఫ్టు మొదట పది నిమిషములు నిలిచి, ఆనాటి పనిని తెలుగులో, పాలమూరు మాటలో చెప్పుదురు. అది ఏ నియమములోను వ్రాసియుండదు. పని చెడకుండుటకు మాత్రము అది అక్కరకు వచ్చును.

ఇక మేస్త్రి పూర్తిగా పోయినాడా? గేటు ముందర కొంతసేపు నిలిచినచో తెలియును. కంపెనీ పనివారు ఒక రంగు కార్డుతో పోవుదురు. కాంట్రాక్టు పనివారు వేరొక రంగు కార్డుతో పోవుదురు. తుడుచువారు, మోయువారు, తోటపనివారు, ప్యాకింగులో కొందరు ఈ రెండవ వరుసవారు. వారిని తెచ్చినవాడు కాంట్రాక్టరు. జీతము అతని ద్వారా వచ్చును. రేపు రావలదనునది అతడే. భూమి పోయిన కుటుంబములవారికి దొరికిన పనిలో చాల భాగము ఈ వరుసలోనిదే. తన పొలముండిన చోట మొక్కకు నీరు పోయు స్త్రీకి ఆ మొక్క క్రింది మన్ను బాగుగా తెలియును. ఆమెను అడుగు పత్రము మాత్రము ఏ విభాగమునందును లేదు.

కాంట్రాక్టు కూలీల విషయమై 1970లో ఒక శాసనము వచ్చెను. అది, మునుపు చెప్పిన 1979 నాటి వలస కార్మికుల శాసనము, మరికొన్ని కలిసి 2020లో ఒక సంహితగా కూర్పబడినవి. వేతనములు మొదలగు వానికి సంబంధించిన తక్కిన మూడు సంహితలతో పాటు అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. పనివాడైన ప్రతివానికి నియామకపత్రము ఇయ్యవలెనని అందున్నది. కంపెనీవాడైనను, కాంట్రాక్టువాడైనను, ఎవని చేతిలో వానికి తన పేరు, పని, జీతము వ్రాసిన కాగితము ఉండవలెనన్నమాట. పాసుపుస్తకపు సంగతి ఎరిగిన పెద్దలు ఈ కాగితము కొఱకును ఎదురుచూచుచున్నారు.

2020లో మహమ్మారి వచ్చినపుడు లోకమంతయు పని ఇంటికి మారినదని చెప్పుకొన్నది. హైదరాబాదు కంప్యూటరు ఉద్యోగులు ఇంటనుండియే పని చేసిరి. కార్యాలయములు అక్కరలేదేమో అని పత్రికలు చర్చించినవి. జడ్చర్ల దారిలో కనబడినది వేరు. దేశములోని పెద్ద రహదారులన్నిటి మీదను వలస కూలీలు మూటలతో, పిల్లలతో నడచి పోయిరి. బెంగుళూరు, హైదరాబాదు, నాగపురముల మీదుగా పోవు ఈ రహదారియు అందొకటి. మందుల తయారీ అత్యవసరమైనది గనుక ఆ పని ఆగుటకు వీలులేకపోయెను. బిళ్ళను ఇంట కూర్చుండి ఒత్తుటకు వీలులేదు. పనిచోటు మారినదను మాట పనినిబట్టి, పనివానినిబట్టి మారునని ఆ సంవత్సరము తేలినది.

ఇప్పుడు కర్మాగారములలో కాగితపు పత్రముల స్థానమున కంప్యూటరు తెరలు వచ్చుచున్నవి. తూకపు యంత్రము తానే అంకెను ఎక్కించును. ఎవడు, ఏ వేళ, ఏమి మార్చెనో దానంతట అది గుర్తుంచుకొనును. అడ్డుగీత గీయు చేయి కూడ అక్కరలేకపోవును. సూపర్వైజరు గదిలో కూర్చుండి నాలుగు వరుసలను తెర మీద చూడగలడు. ఇది సౌకర్యమే. కాని వేరు రంగు బిళ్ళను చూచిన పిల్ల తల యెత్తి చూచినపుడు అతడు వరుస దగ్గర ఉండడు. అతడు ఉండవలసిన చోటు ఏదో తెర చెప్పదు. దూరము నుండి చేయించు పెత్తనమును పాలమూరు ఒకప్పుడు చూచినదే: పెద్ద మేస్త్రి ఎప్పుడును పనిచోటికి వచ్చెడివాడు కాడు.

రాత్రి షిఫ్టు ముగియువేళ అప్పగింతల పుస్తకము తెరచుదురు. దిగువాడు రాత్రి జరిగినది చెప్పును. ఏ యంత్రము మొరాయించెను, ఏ విడత సగములో నిలిచెను, ఎవరు ఏమి గమనించిరి. ఎక్కువాడు చదివి, అడిగి, వ్రాలు పెట్టును. బస్సు వారిని తెచ్చి కూడలిలో దింపును. నిద్రకండ్లతో వారు దిగుచుండగా, రహదారికి ఆవలివైపున పార, తట్ట పట్టుకొని నిలిచినవారి ముందర ఒక ఆటో ఆగును. దాని నుండి దిగినవాడు కాగితమేమియు తీయడు. వ్రేలు చాచి లెక్కించును: ఒక జత, రెండు జతలు, మూడు.